మౌసా, ట్రాక్‌బాలా, పెన్ ట్యాబ్లెట్టా? మీ పనికి, మీ చేతికి తగినది ఎంచుకోవడం ఎలా

వైజాగ్‌లో కంప్యూటర్ సామాను ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఎవరైనా ద్వారకానగర్ దారే చూపిస్తారు. అక్కడ ఏ షాపులో "మౌస్ కావాలండీ" అన్నా ముందు వచ్చే ప్రశ్న "వైర్‌దా, వైర్‌లెస్సా?" ఆ తర్వాత "ఎంతలో చూపించమంటారు?" రోజంతా మీ చెయ్యి ఏం పని చేస్తుందని మాత్రం ఎవరూ అడగరు. అది తేల్చుకోకుండా పెట్టె మీది డీపీఐ అంకెలు (మౌస్ కొంచెం కదిపితే పాయింటర్ ఎంత దూరం పోతుందో చెప్పేవి) పోల్చుకుంటూ కూర్చుంటే డబ్బు ఖర్చవుతుంది, మణికట్టు నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి షాపుకు వెళ్లే ముందు ఇంట్లో కొంచెం పని ఉంది.

ముందు ఒక రోజు పని రాసుకోండి

మామూలు పనిరోజు ఒకటి చూసుకుని పక్కన కాగితం పెట్టుకోండి. గంటకోసారి ఆగి, ఈ గంటలో చెయ్యి ఎక్కువగా ఏం చేసిందో రాయండి. చిన్న చిన్న గళ్ల మీద క్లిక్ చేసిందా? ఏదైనా పట్టుకుని లాగిందా? అంకెలు కొట్టిందా, వాక్యాలు టైప్ చేసిందా? పొడుగాటి పేజీలు కిందికి జరుపుతూ చదివారా? చేత్తో రాయాల్సిన అవసరం వచ్చిందా? ఇంకొకటి కూడా రాయండి, దీన్ని చాలామంది గమనించరు: కీబోర్డు నుంచి మౌస్‌కి, మళ్లీ కీబోర్డుకి చెయ్యి ఎంత తరచుగా తిరుగుతోంది?

సాయంత్రానికి మీ పని ఏ రకమో తేలిపోతుంది. గాజువాకలో ట్యాలీలో బిల్లులు ఎక్కించే అకౌంటెంట్‌కి మౌస్‌తో పని చాలా తక్కువ. ఆయన డబ్బు పెట్టాల్సింది కీబోర్డు మీద, అందులోనూ నంబర్ ప్యాడ్ మీద. పరవాడ ఫ్యాక్టరీలకు పైపింగ్ డ్రాయింగులు గీసే వ్యక్తికి మంచి చక్రం లేకపోతే రోజు గడవదు, ఎందుకంటే ఆటోక్యాడ్‌లో చక్రం తిప్పితే జూమ్, నొక్కి పట్టుకుంటే డ్రాయింగ్ మొత్తం జరుగుతుంది. ఎంవీపీ కాలనీలో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే టీచరమ్మకు మౌస్‌తో ఇంటిగ్రల్ గుర్తు గీయడమంటే నరకం. మధురవాడలో నైట్ షిఫ్ట్ చేసే సపోర్ట్ ఉద్యోగికి అన్నీ కొంచెం కొంచెం కావాలి. ఈ నలుగురికీ షాపులో ఒకే మౌస్ చూపిస్తారు. తప్పు షాపువాడిది కాదు, ఆయనకు వీళ్ల పని తెలియదు.

కొనక ముందు, పైసా ఖర్చు లేకుండా

చాలామంది పరికరం బాగాలేదని చెప్పే ఇబ్బందుల్లో సగం స్క్రీన్‌లో, బల్లలో ఉంటాయి. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చేతి కదలికల మీద ప్రయోగాలు చేసి ఒక సూత్రం చెప్పాడు. గురి ఎంత దూరంగా ఉంటే, ఎంత చిన్నగా ఉంటే, చెయ్యి దాన్ని చేరడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది. ఆయన లెక్కలో దూరం రెట్టింపు కావడం, గురి వెడల్పు సగం కావడం రెండూ చేతికి ఒకే కష్టం. ఎక్సెల్‌లో పక్క గడి మీద పడిపోతున్నారంటే ఖరీదైన మౌస్ కొనే ముందు జూమ్ పెంచండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్‌ను 100 శాతం నుంచి 125 శాతానికి మార్చి రెండు రోజులు పని చేయండి. కొందరికి సమస్య అక్కడితో తీరిపోతుంది.

స్క్రీన్ అంచుల సంగతి కూడా ఇందులోదే. మౌస్‌ను ఎంత తోసినా పాయింటర్ అంచు దగ్గర ఆగిపోతుంది, దాటిపోదు. అందుకే అంచున, మూలన ఉన్న బటన్‌ను గురి చూడకుండానే కొట్టవచ్చు. తరచుగా వాడే ప్రోగ్రాములు డెస్క్‌టాప్ మధ్యలో వదిలేయకుండా టాస్క్‌బార్‌లో పెట్టుకోండి.

తర్వాత మౌస్ సెట్టింగ్స్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అనే టిక్ ఉంటుంది. పేరు చూసి మోసపోకండి. అది చేతి వేగాన్ని బట్టి పాయింటర్ దూరాన్ని మారుస్తుంది. అలవాటైనవాళ్లకు ఫరవాలేదు గానీ రెండు పరికరాలను పోల్చేటప్పుడు మాత్రం తీసేయండి, లేకపోతే మీరు పోలుస్తున్నది పరికరాన్నో సెట్టింగ్‌నో తెలియదు.

ఇక బల్ల. కుర్చీలో కూర్చుని భుజాలు వదిలేసి మోచేతులు మడవండి. చేతులు ఎక్కడ ఆగాయో కీబోర్డు, మౌస్ అక్కడ ఉండాలి. మన ఇళ్లలో డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకోవడం అలవాటు. అది దాదాపు ఎప్పుడూ ఎత్తు ఎక్కువే. టేబుల్‌ను దించలేం కాబట్టి కుర్చీ మీద దిండు వేసి, కాళ్ల కింద ఒక పీట పెట్టుకోండి. పూర్తి సైజు కీబోర్డు వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కుడివైపు నంబర్ ప్యాడ్ మౌస్‌ను ఒక బెత్తెడు దూరం తోసేస్తుంది. రోజంతా కుడిచెయ్యి పక్కకు చాచి ఉండడంతో భుజం లాగుతుంది, నిందేమో మౌస్ మీదికి పోతుంది. అంకెల పని లేనివాళ్లు నంబర్ ప్యాడ్ లేని కీబోర్డు తీసుకోండి. అంకెల పని ఉన్నవాళ్లు మౌస్‌ను ఎడమచేతికి మార్చి చూడండి. మొదటి వారం చిరాకుగా ఉంటుంది, తర్వాత కుడిచెయ్యి అంకెల మీద, ఎడమచెయ్యి మౌస్ మీద రెండూ ఒకేసారి నడుస్తాయి. అకౌంట్స్ చేసేవాళ్లకు నేను మొదట చెప్పే సలహా ఇదే.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతూ రాత్రుళ్లు మెలకువ వచ్చేంత నొప్పి ఉంటే మాత్రం పరికరాలు మార్చుతూ కాలం గడపకండి. అది మణికట్టులో నరం నొక్కుకుపోవడం కావచ్చు, ముందు డాక్టర్‌కి చూపించండి.

మౌస్: మిగతావాటికి కొలబద్ద

1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం చేసిన మొదటి మౌస్ ఒక చెక్క డబ్బా, కింద రెండు చక్రాలు. 1978లో జిరాక్స్ పరిశోధన కేంద్రానికి చెందిన స్టువర్ట్ కార్డ్, మరో ఇద్దరు కలిసి మౌస్‌నూ, జాయ్‌స్టిక్‌నూ, రెండు రకాల మీటలనూ ఒకే పని మీద పోల్చి చూశారు. వేగంలోనూ, తప్పులు తక్కువ రావడంలోనూ మౌస్ గెలిచింది. గురి చూసి క్లిక్ చేసే పనికి ఇప్పటికీ దీన్ని తేలిగ్గా ఓడించేది లేదు. కాబట్టి మౌస్ వద్దనుకోవడానికి మీకొక కారణం ఉండాలి: నొప్పి, స్థలం లేకపోవడం, చేతిరాత అవసరం. ఈ మూడూ లేకపోతే కింద మిగతా పరికరాల గురించి ఊరికే చదివి వదిలేయవచ్చు.

మౌస్‌లో చూడాల్సింది మొదట సైజు. అరచెయ్యి మొత్తం ఆనించి పట్టుకునేవాళ్లకు పొడవుగా, వీపు ఎత్తుగా ఉన్నది కావాలి. వేళ్ల కొసలతో పట్టుకునేవాళ్లకు చిన్నది చాలు. లాప్‌టాప్‌తో పాటు ఉచితంగా ఇచ్చే బుల్లి మౌస్ ప్రయాణాలకు తప్ప రోజంతా వాడడానికి కాదు, పెద్ద చేతులవాళ్లకు అసలే కాదు. డీపీఐ విషయంలో షాపులవాళ్లు 16,000, 25,000 అని చెబుతారు. ఆఫీసు పనికి మామూలుగా 800 నుంచి 1,600 చాలు. ఆటలు ఆడనివాళ్లు ఆ అంకెకు డబ్బు కట్టడం దండగ.

వైర్ విషయంలో నా అభిప్రాయం పాతకాలపుదే. ఒకేచోట కూర్చుని పని చేసేవాళ్లకు నాలుగైదు వందల వైర్ మౌస్ చాలు. బ్యాటరీ టెన్షన్ లేదు, డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చే బుల్లి రిసీవర్) పోయే భయం లేదు. వైర్‌లెస్ తీసుకుంటే రెండు రకాలుంటాయి. బుల్లి డాంగిల్ గుచ్చేది ఒకటి, బ్లూటూత్‌ది ఒకటి. డాంగిల్ మౌస్ ఉన్నట్టుండి ఆగి ఆగి నడుస్తుంటే మౌస్ పాడైందని అనుకోకండి. అది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తుంది. పక్క పోర్టులో హార్డ్ డిస్క్ లాంటి యూఎస్‌బీ 3.0 పరికరం నడుస్తుంటే అదే తరంగాల్లో గోల పుడుతుందని ఇంటెల్ కంపెనీ 2012లోనే కాగితం మీద పెట్టింది. డాంగిల్‌ను దూరంగా ఉన్న పోర్టుకు మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ వైర్ వేసి మౌస్ దగ్గరికి తెచ్చుకోండి. చవక రకాల్లో డాంగిల్ పోతే మౌస్ కూడా పోయినట్టే. లాజిటెక్ లాంటి కంపెనీల కొన్ని మోడళ్లకు మాత్రం వేరే డాంగిల్ కొని జత చేసుకోవచ్చు.

మణికట్టు బల్లకు ఆని తిరగడం వల్ల ఇబ్బంది పడేవాళ్లకు నిలువు మౌస్ ఉంది, ఎదుటివాళ్లకు చెయ్యి అందించేటప్పుడు ఉన్న భంగిమలో పట్టుకోవచ్చు. లాజిటెక్ నిలువు మౌస్‌ల వంపు 57 డిగ్రీలు. మణికట్టుకు హాయిగా ఉంటుంది. మరీ చిన్న గురుల మీద మాత్రం క్లిక్ చేసినప్పుడు మౌస్ పక్కకు కదులుతుంది, అందుకే డ్రాయింగ్ పనివాళ్లకు నేను దీన్ని చెప్పను.

అద్దం బల్ల మీద మామూలు ఆప్టికల్ మౌస్ సరిగా నడవదు, వెలుగు అద్దంలోంచి దూరిపోతుంది. మెరిసే సన్‌మైకా మీద కూడా అప్పుడప్పుడు తడబడుతుంది. గుడ్డ మ్యాట్ ఒకటి వేయండి.

ట్రాక్‌బాల్

మౌస్ కదలకుండా బంతి మాత్రమే తిరిగే పరికరం ఇది. తూర్పు నౌకాదళం ఉన్న ఊరివాళ్లు తెలుసుకోదగ్గ సంగతి ఒకటుంది. దీని పుట్టుక నౌకాదళంలోనే. 1952లో కెనడా నౌకాదళం కోసం చేసిన డేటార్ అనే ప్రాజెక్టులో ఇంజనీర్లు బౌలింగ్ ఆట బంతినే తెచ్చి పెట్టారు. సైనిక రహస్యం కావడంతో పేటెంటు కూడా తీసుకోలేదు. ఊగే ఓడలో బల్ల మీద జారిపోని పరికరం కావాలన్నా ఇదే సరైనది మరి.

ఇంట్లో దీని లాభమల్లా స్థలమే. చిన్న బల్ల, లాప్‌టాప్ పక్కన స్టీలు గ్లాసు, పిల్లల పుస్తకాలు ఉన్నచోట మౌస్ తిప్పడానికి జాగా ఉండదు. ట్రాక్‌బాల్ పెట్టినచోటే ఉంటుంది, ఒళ్లో పెట్టుకున్నా పనిచేస్తుంది. చెయ్యి, మోచెయ్యి కదలవు కాబట్టి భుజం నొప్పి ఉన్నవాళ్లకు బాగా నప్పుతుంది. ఇందులోనూ రెండు రకాలు. లాజిటెక్ ఎర్గో ఎం575 లాంటివి బొటనవేలితో తిప్పేవి. కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ లాంటివి పెద్ద బంతిని వేళ్లతో తిప్పేవి. బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్లు మొదటి రకం వైపు చూడనే వద్దు, ఉన్న భారమంతా ఆ వేలి మీదే వేసినట్టు అవుతుంది. ఫోన్ మీద బొటనవేళ్లతో రోజూ గంటలు గంటలు టైప్ చేసేవాళ్లు కూడా ఆలోచించుకోవాలి.

కొత్త చెప్పుల్లాగా ఇది మొదట్లో కరుస్తుంది. మొదటి గంటలో తీర్పు చెప్పకండి. రెండు వారాలు వాడాక కూడా ఏదైనా పట్టుకుని లాగే పనిలో తడబడుతుంటే అప్పుడు మీకు సరిపడదని అనుకోవచ్చు. బటన్ నొక్కి పట్టుకుని అదే చేత్తో బంతి తిప్పడం ఎవరికైనా కష్టమే. ఫొటోషాప్‌లో రోజంతా కత్తిరింపులు చేసేవాళ్లకు దీన్ని సిఫార్సు చేయను.

టచ్‌ప్యాడ్, మధ్యలో ఎర్ర బుడిపె, టచ్ స్క్రీన్

టచ్‌ప్యాడ్ పేజీలు జరపడానికి, రెండు వేళ్లతో జూమ్ చేయడానికి, మూడు వేళ్లతో తెరిచిన ప్రోగ్రాములు మార్చడానికి మౌస్ కంటే హాయి. గురి చూసి క్లిక్ చేయడంలో వెనకబడుతుంది. మన ఊళ్లో దీనికి ఇంకో చిక్కుంది. వేలి నుంచి వచ్చే అతి చిన్న విద్యుత్ మార్పును అది పసిగడుతుంది. ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో చెమట వేలు పెడితే ఆ లెక్క తప్పి పాయింటర్ గెంతులు వేస్తుంది. చేతి కింద చిన్న గుడ్డ పెట్టుకుని ప్యాడ్‌ను, వేళ్లను తుడుచుకుంటూ ఉండండి. కొన్ని లాప్‌టాప్‌లు చవక చార్జర్‌తో, ఎర్త్ లేని ప్లగ్‌తో చార్జ్ అవుతున్నప్పుడు కూడా ఇలాగే గెంతుతాయి. చార్జర్ పీకితే సరిపోతోందంటే లోపం టచ్‌ప్యాడ్‌లో లేదు, ప్లగ్ పాయింట్‌ను ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌ల కీబోర్డు మధ్యలో ఉండే ఎర్ర బుడిపె 1992 నుంచి ఉంది. టైపింగ్ నుంచి చెయ్యి ఎత్తక్కర్లేదు. రోజంతా కోడ్ రాసేవాళ్లలో దీనికి వీరాభిమానులున్నారు. మిగతావాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.

టచ్ స్క్రీన్ మీద ఎక్కువ చెప్పను. నిలబెట్టిన స్క్రీన్ వైపు చెయ్యి చాచి పది నిమిషాలు పని చేస్తే భుజమే చెబుతుంది. బిల్లింగ్ కౌంటర్‌లో, పడుకోబెట్టిన ట్యాబ్‌లో బాగుంటుంది.

పెన్ ట్యాబ్లెట్: టీచర్లు, డిజైనర్లు ఇక్కడ ఆగండి

పలక లాంటి దాని మీద ప్రత్యేకమైన పెన్నుతో రాస్తే స్క్రీన్ మీద పడే పరికరం ఇది. మన ఊళ్లో దీని అవసరం ఎక్కువ ఉన్నది బొమ్మలు గీసేవాళ్లకు కాదు, పాఠాలు చెప్పేవాళ్లకు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ లెక్కలు, ఫిజిక్స్ ఆన్‌లైన్‌లో చెప్పేవాళ్లు వేల రూపాయలు పెట్టి తెర ఉన్న ట్యాబ్లెట్ కొనాల్సిన పని లేదు. తెర లేని చిన్న రకం సరిపోతుంది. వాకోమ్, హ్యూయాన్, ఎక్స్‌పీ-పెన్ మూడింటిలోనూ ఇలాంటివి ఉన్నాయి. పెన్నులో బ్యాటరీ లేని మోడల్ తీసుకోండి. ట్యాబ్లెట్ పంపే అయస్కాంత క్షేత్రం నుంచే పెన్ను శక్తి తీసుకుంటుంది, చార్జింగ్ గొడవ ఉండదు.

పెట్టె మీద 8,192 ఒత్తిడి స్థాయిలు, 16,384 స్థాయిలు అని ఉంటుంది. అది బ్రష్ ఒత్తి సన్నగా, లావుగా గీసే చిత్రకారుడికి. లెక్కలు రాసేవాళ్లకు ఆ తేడా కనిపించదు. మీరు చూడాల్సింది రాసే భాగం ఎంత ఉందనేది. సుమారు 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉంటే మణికట్టుతో రాసేవాళ్లకు సరిపోతుంది. బోర్డు మీద రాసినట్టు చెయ్యంతా ఊపి రాసే అలవాటున్నవాళ్లకు ఇంకొంచెం పెద్దది కావాలి.

దీన్ని అమర్చుకోవడంలోనే చాలామంది విసిగి అటక మీద పెట్టేస్తారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ముందు కంపెనీ డ్రైవర్ ఎక్కించండి, తర్వాత ట్యాబ్లెట్ తగిలించండి. మౌస్‌ను ఎత్తి వేరేచోట పెట్టినా పాయింటర్ కదలదు. ట్యాబ్లెట్ అలా కాదు, దాని ఎడమ పైమూల ఎప్పుడూ స్క్రీన్ ఎడమ పైమూలే. అందుకే రెండు మానిటర్లు తగిలించి ఉంటే మీ చిన్న ట్యాబ్లెట్ రెండు స్క్రీన్ల మీదా పరుచుకుంటుంది, అక్షరాలు సాగిపోతాయి. డ్రైవర్ సెట్టింగ్స్‌లో ఒక్క స్క్రీన్‌నే ఎంచుకోండి. ఆ పక్కనే స్క్రీన్ నిష్పత్తిని కలిపే టిక్ ఉంటుంది, అది పెట్టండి, లేకపోతే సున్నా గీస్తే కోలగా వస్తుంది. ఎడమచేతివాళ్లు ట్యాబ్లెట్‌ను తిప్పి పెట్టుకుని సెట్టింగ్స్‌లో 180 డిగ్రీలు తిప్పితే బటన్లు అవతలి వైపుకు వెళ్లిపోతాయి.

చూపు స్క్రీన్ మీద, చెయ్యి బల్ల మీద ఉండడం మొదట్లో వింతగా ఉంటుంది. రోజూ కాసేపు అక్షరమాల, గుణింతాలు రాయండి. క్లాసులో నేరుగా మొదలుపెట్టకండి, పిల్లలు నవ్వుతారు.

కీబోర్డు

మీ కాగితంలో టైపింగే ఎక్కువ అని తేలితే డబ్బంతా ఇక్కడే పెట్టండి. మామూలు రబ్బరు పొర కీబోర్డు చవక, మోత తక్కువ. కొన్నాళ్లకు మీటలు మెత్తబడతాయి. మెకానికల్ కీబోర్డులో ప్రతి మీట కింద వేరే స్విచ్ ఉంటుంది. నీలం రకం టకటకమని చప్పుడు చేస్తుంది, గోధుమ రంగుది నొక్కితే చిన్న గట్టు దాటినట్టు తెలుస్తుంది గానీ అంత మోత ఉండదు, ఎరుపు నున్నగా దిగుతుంది. డేటా ఎంట్రీ చేసేవాళ్లకు, బిల్లింగ్ కౌంటర్లలో పనిచేసేవాళ్లకు టీవీఎస్ గోల్డ్ పేరు చెబితే చాలు. నీలం స్విచ్‌ల ఆ కీబోర్డు చప్పుడు వినగానే పని జరుగుతోందని తెలుస్తుంది. పక్క గదిలో పసిపాప నిద్రపోయే ఇంట్లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు మాత్రం దాని జోలికి పోకండి.

తెలుగులో ఎక్కువ టైప్ చేసేవాళ్లకు పరికరం కంటే లేఅవుట్, అంటే ఏ మీటకు ఏ అక్షరం వస్తుందనేది ముఖ్యం. డీటీపీ సెంటర్‌లో పని నేర్చుకోవాలంటే అను స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్, అందులో యాపిల్ అనే లేఅవుట్ అడుగుతారు. వాట్సాప్, వెబ్‌సైట్, ఆఫీసు ఉత్తరాల కోసమైతే ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కావాలి. విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ (ఇంగ్లిష్ అక్షరాలతో రాసేది) రెండూ ఉన్నాయి, భాషల సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకుంటే వస్తాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. నేర్చుకోవడానికి ఓపిక కావాలి, వచ్చాక మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతో రాసే పద్ధతి దాన్ని అందుకోలేదు. ఇక నోటితో చెప్పి రాయించడం: ఫోన్‌లో గూగుల్ వాయిస్ టైపింగ్ తెలుగుకు 2017 నుంచి ఉంది. పొడుగాటి చిత్తుప్రతికి బాగుంటుంది. పేర్లు, అంకెలు, విరామచిహ్నాలు తర్వాత చేత్తో దిద్దుకోక తప్పదు.

పరీక్షలు రాసే పిల్లలుంటే

జేఈఈ మెయిన్‌లో అంకెల జవాబులు కూడా స్క్రీన్ మీది కీప్యాడ్‌ను మౌస్‌తో నొక్కి రాయాలి. కీబోర్డు వాడనివ్వరు. ఫోన్ మీద, టచ్‌ప్యాడ్ మీద మాక్ టెస్టులు రాసిన పిల్లలు పరీక్ష హాల్లో మామూలు వైర్ మౌస్ పట్టుకుని తడబడతారు. కనీసం చివరి నెల రోజులైనా చవక వైర్ మౌస్‌తో, నంబర్ ప్యాడ్ ముట్టకుండా సాధన చేయించండి. ఎస్‌ఎస్‌సీ సీహెచ్‌ఎస్‌ఎల్ (ఇంటర్ అర్హతతో కేంద్ర ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగాల పరీక్ష) లాంటివాటికి వెళ్లేవాళ్ల కథ వేరు, అక్కడ ఇంగ్లిష్‌లో నిమిషానికి 35 పదాలు కొట్టాలి. వాళ్లు సెంటర్లలో ఉండే పూర్తి సైజు డెస్క్‌టాప్ కీబోర్డు మీదే సాధన చేయాలి, లాప్‌టాప్ మీద కాదు.

రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చడం

స్నేహితుల దగ్గరో ఆఫీసులోనో మీరు అనుకున్న పరికరం ఉంటే రెండు రోజులు అడిగి తెచ్చుకోండి. ఇలా పోల్చండి. ఎక్సెల్‌లో కొత్త షీట్ తెరిచి అక్కడక్కడ ఇరవై గళ్లకు రంగు వేసి వాటిలో 1 నుంచి 20 దాకా కలగాపులగంగా అంకెలు వేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి వరుసగా ఒక్కోదాని మీద క్లిక్ చేస్తూ వెళ్లండి. పట్టిన సమయం, పక్క గడి మీద పడిన సార్లు రెండూ రాయండి. ఒక్కో పరికరంతో కొన్ని సార్లు చేసి, మొదటి రెండు సార్లవి కొట్టేయండి, అవి చెయ్యి అలవాటు పడడానికే. ఉదయం ఒకటి ముందు వాడితే సాయంత్రం రెండోది ముందు వాడండి, అలసట ఒకదాని మీదే పడకుండా.

ఆ తర్వాత అసలు పరీక్ష: మీ సొంత పని ఒక పూట దానితో చేయండి. స్టాప్‌వాచ్‌లో ఒకటి రెండు సెకన్లు వెనకబడినా సాయంత్రం మెడ, భుజం తేలిగ్గా ఉన్నదాన్నే ఎంచుకోండి. ఎనిమిది గంటలు పనిచేసేవాళ్లకు ఆ రెండు సెకన్లు లెక్కలోకి రావు.

షాపులో

పెట్టె చూసి కొనకండి. "ఒకసారి తగిలించి చూపించండి" అని అడగండి. ఏదైనా ఫోల్డర్ మీద నిదానంగా ఒక్కసారి క్లిక్ చేయండి. ఒక్క క్లిక్‌కే తెరుచుకుంటే స్విచ్‌లో లోపం ఉన్నట్టే. ఇలా పది పన్నెండు సార్లు చూడండి. చక్రం నెమ్మదిగా కిందికి తిప్పండి, మధ్యలో పేజీ ఒక్కసారి పైకి గెంతితే వద్దని చెప్పండి. ట్రాక్‌బాల్ అయితే బంతి బయటికి తీసి చూపించమనండి, అది తేలిగ్గా ఊడకపోతే రేపు శుభ్రం చేయడం కష్టం. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. ఆన్‌లైన్‌లో చవకని చూసి కొనేవాళ్లు వారంటీ ఎవరు ఇస్తారో, మార్పిడికి వస్తువు ఎక్కడికి పంపాలో ముందే చదువుకోండి.

ఇంకో మాట. క్లిక్‌ను లోహపు రేకులు తగలడంతో కాకుండా కాంతితో పసిగట్టే ఆప్టికల్ స్విచ్ మౌస్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో తుప్పు పట్టే రేకులు ఉండవు కాబట్టి సముద్రం పక్కన ఉండేవాళ్లకు మంచివి. షాపులో అడిగితే "అన్నీ ఆప్టికలే సార్" అంటారు. ఆయన చెప్పేది కింద వెలిగే దీపం గురించి. మీరు అడుగుతున్నది బటన్ కింద ఉండే స్విచ్ గురించని విడమరిచి చెప్పండి.

ఉప్పు గాలిలో కాపాడుకోవడం

బీచ్ రోడ్, లాసన్స్ బే, రుషికొండ వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్స్‌కి ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. అదే గాలి మౌస్‌లోకీ వెళ్తుంది. క్లిక్ స్విచ్‌లోని రేకు మీద పొర కట్టి, కొన్నాళ్లకు ఒక్క క్లిక్ రెండుగా పడుతుంది. సముద్రం వైపు కిటికీ పక్కన బల్ల పెట్టకండి, పని అయ్యాక కీబోర్డు మీద గుడ్డ కప్పండి. నెలల తరబడి వాడని పరికరాలను సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి మూత వేయండి. బ్యాటరీలు తీసేయడం మరవకండి, అవి కారితే లోపలి రేకులు తినేస్తాయి.

పైన మెత్తటి రబ్బరు పూత ఉన్న మౌస్‌లు షాపులో చేతికి హాయిగా ఉంటాయి. మన తేమలో ఆ పూత రెండు మూడేళ్లకు జిగురుగా మారిపోయే అవకాశం ఎక్కువ. గట్టి ప్లాస్టిక్, కాస్త గరుకుగా ఉన్నది తీసుకోండి. ఇప్పటికే జిగురు పట్టినదైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఓపిగ్గా రుద్దితే ఆ పూత మొత్తం ఊడి కింద ప్లాస్టిక్ బయటపడుతుంది, మౌస్ మళ్లీ వాడుకోవచ్చు.

ట్రాక్‌బాల్ బరువెక్కినట్టు, ఆగి ఆగి తిరుగుతుంటే బంతి తీసి లోపల చూడండి. బంతి ఆనే మూడు చిన్న గింజల చుట్టూ వేళ్ల జిడ్డు, దుమ్ము కలిసి బూడిద రంగు ముద్దలా ఉంటుంది. దూదిపుల్లతో దాన్ని తీసేయండి. బంతిని సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. వేసవిలో వారానికోసారి, మిగతా రోజుల్లో తిరగడం మందగించినప్పుడు చేస్తే చాలు. మరీ నున్నగా తుడిచిన బంతి మొదటి పూట కొంచెం పట్టినట్టు తిరుగుతుంది, కాసేపు వాడాక వేళ్ల జిడ్డుతో మామూలైపోతుంది.